కంప్యూటరు వేగమును కొలుచు విధము



నేఁడు సహకారసంఘపు పద్దులు మొదలుకొని పిల్లల చదువుల వఱకు అనేక కార్యములు కంప్యూటరుమీఁద నడచుచున్నవి. చదువుకొను మనుమఁడు "తాతయ్యా, మూఁడు గిగాహెర్ట్జుల యంత్రము చాలదు, ఐదు గిగాహెర్ట్జులది కావలెను" అని సొమ్మడుగును. మఱియొక యింటి పిల్లవాఁడు క్రొత్తది కొనక, ఉన్న యంత్రమునే నిర్ణీతవేగమును మించి పరుగెత్తింపఁ బూనును. దీనికి ఓవర్‌క్లాకింగని పేరు. తీరా పరీక్షించి చూడఁగా వేగము పెరుగుటకు మాఱుగా తగ్గినదని విచారించును. ఒకచోట సొమ్ము, ఒకచోట యంత్రము, వేఱొకచోట అంతకంటె విలువైన లెక్కలు ఈ వేగపు సంఖ్యను నమ్ముకొనియున్నవి. కావున వేగమనఁగా నేమి, దానిని కొలుచుట యెట్లు, పెంచిన వేగము పనిలోఁ గనఁబడనిచో లోపమెచ్చట వెదకవలెను అను మూఁడు విషయములను గూర్చి మనవి చేయుదును.

ప్రతి కంప్యూటరునకును ప్రాసెసరను ముఖ్యాంగమొకటి కలదు. గణనమంతయు నచ్చటనే జరుగును. తాళము పడినపుడు నర్తకి యడుగు వేసినట్లు, ఈ ప్రాసెసరు ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క యడుగు వేయును. ఆ తాళమునకు మూలము చిన్న స్ఫటికపు పలక. స్ఫటికమును ఒత్తినచో అందు విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున జాకు, పియరు అను క్యూరీ సోదరులు కనుఁగొనిరి. విద్యుత్తును సోఁకించినచో ఆ పలకయే స్పందించును. చేతిగడియారములోని స్ఫటికము సెకనుకు 32,768 మారులు స్పందించును. ఈ సంఖ్యను పదునైదు మారులు సగము చేసినచో సరిగ ఒకటి మిగులును. ఆ యొకటియే సెకను ముల్లు జరుగుట.

కంప్యూటరులో స్ఫటికస్పందనమునుండి పుట్టించిన మూలతాళము సామాన్యముగ సెకనుకు 10 కోట్లు. ప్రాసెసరు దానిని ఒక గుణకముచే హెచ్చించుకొనును. గుణకము 36 అయినచో తాళములు 360 కోట్లగును. సెకనుకు ఒక స్పందనమును హెర్ట్జందురు. నూఱు కోట్ల హెర్ట్జులు ఒక గిగాహెర్ట్జు. కావున పై యంత్రము 3.6 గిగాహెర్ట్జులదని వ్యవహరింపఁబడును. ఈ పేరు రేడియో శ్రోతలకు బంధువుల పేరు వంటిదే. నా మాటలను మీ యిండ్లకుఁ జేర్చు జాతి తరంగములు కలవని 1887, 1888 సంవత్సరములలో ప్రయోగముచే నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుఁడు హైన్రిఖ్ హెర్ట్జు. ఇంతటి వేగమును మనసునకుఁ దెచ్చుకొనుట కష్టము. 3 గిగాహెర్ట్జుల యంత్రములో ఒక తాళమునకును మఱుతాళమునకును నడుమ వెలుతురు పయనించు దూరము 10 సెంటీమీటర్లు మాత్రమే. అది జానెడులో సగము.

ఐతే తాళముల సంఖ్య వేఱు, జరిగిన పని వేఱు. గానుగను తలఁచుకొనుఁడు. ఎద్దు గంటకు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కపెట్టినంత మాత్రమున నూనె యెంత వచ్చినదో తెలియదు. చుట్టునకు ఎంత నూనె దిగినదో కూడ తెలియవలెను. ఈ రెండింటిని హెచ్చవేసినపుడే ఫలము. తాళములు చుట్లు, ప్రతి తాళమునను జరుగు గణనము నూనె.

ఈ భేదమును మఱచినందువలన గొప్ప సంస్థలు కూడ చిక్కులఁ బడినవి. ఇంటెల్ సంస్థ 2000 సంవత్సరమున పెంటియమ్ 4 అను ప్రాసెసరును వెలువరించినది. తాళసంఖ్యను మిక్కిలి యెత్తునకుఁ గొనిపోవుటయే దాని నిర్మాణమున ప్రధానోద్దేశము. అందులకై ఒక్కొక్క తాళమున జరుగు పని తగ్గింపఁబడినది. ప్రతిపక్షియగు ఏఎండీ సంస్థ 2003లో 2.2 గిగాహెర్ట్జుల ప్రాసెసరునకు 3200 అను అంకెతోఁ బేరు పెట్టి, మా చుట్లు తక్కువయైనను నూనె యెక్కువయని చాటుకొనవలసి వచ్చినది. పెంటియమ్ 4 వేగము 2004లో 3.8 గిగాహెర్ట్జులవద్ద నిలిచిపోయినది. 4 గిగాహెర్ట్జుల దానిని తెచ్చెదమన్న సంకల్పమును ఇంటెల్ ఆ యేఁటనే విరమించుకొన్నది. వేఁడిమియే ముఖ్యమైన యడ్డు. 2006లో అదే సంస్థ తెచ్చిన కోర్ 2 డ్యువో, 2.4 గిగాహెర్ట్జులలోనే, 3.8 గిగాహెర్ట్జుల పాతదానిని పనిలో మించినది. కావున భిన్నజాతుల ప్రాసెసర్లను గిగాహెర్ట్జులను బట్టి పోల్చుట, గంటల చప్పుడును బట్టి ఎద్దుల బలమును నిర్ణయించుట వంటిది. ఒకే జాతి యంత్రమునందు మాత్రము ఆ సంఖ్య పెరిగినచో పని పెరుగవలెనని ఆశించుట న్యాయమే.

ఇఁక ఓవర్‌క్లాకింగు సంగతి. తయారు చేయువారు ప్రాసెసర్లను పరీక్షించి, ఎట్టి యెండలోనైనను చెడకుండునట్లు కొంత వెసులుబాటు విడిచి వేగమును నిర్ణయింతురు. ఆ వెసులుబాటును వాడుకొనుటయే ఈ విద్య. ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ. దాని గుణకము 4.5, అది మార్పరానిది. మూలతాళము 66 మెగాహెర్ట్జులు, అనఁగా సెకనుకు 6 కోట్ల 60 లక్షలకుఁ బైబడిన స్పందనములు. కొందఱు ఆ మూలతాళమును 100 మెగాహెర్ట్జులు చేయఁగా 300 మెగాహెర్ట్జుల ప్రాసెసరు 450 మెగాహెర్ట్జులతో నిలుకడగఁ బనిచేసినది. చౌకసరుకు ఖరీదైన సరుకు పనిచేసినదని కీర్తి వ్యాపించినది.

ఐనను ప్రకృతియొద్ద అప్పు చేసినచో వడ్డీ కట్టక తప్పదు. ప్రాసెసరు తినునట్టి విద్యుత్తు, దానినుండి వెలువడు వేఁడిమి, వేగముతో సమముగఁ బెరుగును. వోల్టేజి పెంచినచో దాని వర్గముతోఁ బెరుగును. వేగము నూటికి పది పెంచి, అది నిలుచుటకై వోల్టేజిని కూడ నూటికి పది పెంచితిమనుకొందము. 1.1ను మూఁడు మారులు వేసి హెచ్చింపఁగా 1.331 వచ్చును. అనఁగా పని పెరుగుట మహా పెరిగిన నూటికి పది. వేఁడిమి పెరుగుట నూటికి ముప్పదిమూఁడు. ఈ యొక్క లెక్కను జ్ఞప్తియందుంచుకొన్నచో రాఁబోవు చిక్కులలో సగము విడిపోవును.

వేగమును కొలుచుటలో మూఁడు మెట్లు కలవు. మొదటిది పెట్టెమీఁద అచ్చువేసిన సంఖ్య. అది వాగ్దానమేగాని కొలత కాదు. రెండవది సీపీయూ-జెడ్ వంటి ప్రోగ్రాములు చూపునట్టి, మూలతాళమును గుణకముతో హెచ్చించిన సంఖ్య; అది ఆ క్షణమున ప్రాసెసరునకు ఈయఁబడిన ఆజ్ఞను తెలుపును. పని లేనపుడు ప్రాసెసరు విద్యుత్తును పొదుపు చేయుటకై వేగమును ఒక గిగాహెర్ట్జుకు లోపలికిఁ గూడ తగ్గించుకొనును. దానిని చూచి మోసపోతిమని కలఁతపడఁ బనిలేదు. ఎద్దు కాడి విప్పుకొని నెమరువేయుచుండఁగా నడక వేగమును కొలువరాదు. నిండు పని నొప్పగించియే కొలువవలెను.

మూఁడవది నిజముగ జరిగిన తాళములను లెక్కించి, గడచిన కాలముచే భాగించుట. ఇచ్చట నొక సూక్ష్మము కలదు. 1993లో వచ్చిన పెంటియము ప్రాసెసరులో జరిగిన ప్రతి తాళమును లెక్కపెట్టు లెక్కపెట్టె యొకటి చేర్పఁబడినది. తరువాతి కాలపు ప్రాసెసర్లలో ఆ లెక్కపెట్టె అసలు వేగమెట్లు మాఱినను ఒకే నిర్ణీతవేగముతో నడచునట్లు చేయఁబడినది. ఏలయన అది కాలమును కొలుచుటకు ఉపయోగపడవలెను. ఈ మార్పు నెఱుఁగక దానినే నమ్మి కొలుచువానికి, వేగము పెంచినను తగ్గించినను పాతసంఖ్యయే కనఁబడును. నిజతాళములను మాత్రమే లెక్కించు లెక్కపెట్టె వేఱొకటి కలదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అను ప్రోగ్రాము ఎఫెక్టివ్ క్లాకను పేర నిజమైన సగటువేగమును చూపును. నిండు పనిలో ఆజ్ఞాపించిన వేగమును, నిజవేగమును ప్రక్కప్రక్కనఁ జూచినచో లోపము తఱచుగ అచ్చటనే బయటపడును. కొన్ని ఏఎండీ ప్రాసెసర్లు వోల్టేజి చాలనపుడు తప్పు చేయుటకు మాఱుగా తాళములను సాగదీయును. ఆజ్ఞలో 4.4 కనఁబడుచుండఁగా పనిలో 4 కూడ ఉండకపోవచ్చును.

బెంచిమార్కు పరీక్ష యనఁగా అన్ని యంత్రములకును ఒకే పని నొప్పగించి, పట్టిన కాలమును గణించుట. సూపర్ పై అను పరీక్షకు మూలము టోక్యో విశ్వవిద్యాలయమునకుఁ జెందిన కనాడా యసుమస గారి గణనప్రోగ్రాము. వృత్తమునందు వ్యాసమునకును పరిధికిని గల నిష్పత్తిని గణించుటయే యందలి పని. ఆర్యభటుఁడు వ్యాసము 20,000 అయినచో పరిధి 62,832 అని చెప్పి నాలుగు దశాంశములు రాఁబట్టినాఁడు. ఈ పరీక్షలో వాడుకగల యొక మెట్టు 10,48,576 అంకెలవఱకు నడచును. పని యొక్కటే కావున కాలము తగ్గినచో వేగము పెరిగినదని యర్థము.

కాని కాలమును కొలుచు గడియారమే వంకరయైనచో? మన పూర్వులు అడుగున రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడిచి, అది మునుఁగు కాలమును గడియ యనిరి. దినమునకు అఱువది గడియలు. గడియకు 24 నిమిషములు. ఒకఁడు గానుగను వేగముగఁ ద్రిప్పుటకై ఏదో కీలు పెంచఁగా, అదే కీలుచేత గిన్నె రంధ్రము కూడ పెద్దదైనదనుకొనుఁడు. గానుగ వేగముగఁ దిరుగును. గిన్నెయు త్వరగా మునుఁగును. గడియకు వచ్చు నూనె లెక్కలో మార్పే కనఁబడదు. విండోస్ 8 అను వ్యవస్థలో సరిగ నిట్టిదే జరిగినది. యంత్రము నడచుచుండఁగా మూలతాళమును మార్చినచో, అనేక యంత్రములలో ఆ వ్యవస్థ గడియారము కూడ దానితోఁబాటు మాఱిపోయెడిది. మూలతాళమును నూటికి ఆఱు తగ్గించినచో అయిదు నిమిషములలో, అనఁగా 300 సెకనులలో, గడియారము 18 సెకనులు వెనుకఁబడును. యంత్రము నెమ్మదించినను కాలము తక్కువ పట్టినట్లు కనఁబడును. వేగము పెంచినవానికి పెరుగుదల మాయమగును. ఓవర్‌క్లాకింగు ఫలితములను నమోదు చేయు హెచ్‌డబ్ల్యూబాట్ అను సంస్థ 2013 ఆగస్టులో ఈ సంగతిని బయటపెట్టి, విండోస్ 8పై వచ్చిన ఫలితములను స్వీకరింపమని ప్రకటించినది. కొలఁబడు వస్తువుతోఁబాటు సాఁగు కోలతో బట్టను కొలువరాదు. మూలతాళమును మార్చినపుడు ప్రక్కన వేఱు గడియారమొకటి, చేతిగడియారమైనను సరే, పెట్టుకొని సరిచూచుట మంచిది.

గడియారము సరిగనే యున్నను ఫలితము తగ్గినచో ఏమి చేయవలెను? మా వీథిలోని యొక విద్యార్థి యంత్రమును చెప్పెదను. దాని నిర్ణీతవేగము 3.6. తనంతఁ దాను వేగమును పెంచుకొను టర్బో యేర్పాటును ఆపి పరీక్షింపఁగా ఒక గణనమునకు 60 సెకనులు పట్టినది. ఆతఁడు గుణకమును 42 చేసి వోల్టేజిని పెంచినాఁడు. త్రైరాశికము ప్రకారము 60ని 36చే హెచ్చించి 42చే భాగింపఁగా 51 సెకనులకుఁ గొంచెము పైగా రావలెను. వచ్చినది 64. ప్రాసెసరు చెడినదని ఆతఁడు నిశ్చయించినాఁడు. నేను లెక్కను తలక్రిందులు చేయుమంటిని. 60 సెకనులు 3.6 వేగముతో జరుగు పని 64 సెకనులు పట్టినచో సగటువేగ మెంత? 3.375. అనఁగా ప్రాసెసరు ఎచ్చటనో తన నిర్ణీతవేగముకంటె తక్కువగ నడచియుండవలెను. మఱల పరీక్ష నడపుచు నిజవేగమును, వేఁడిమిని ఏకకాలమునఁ జూచితిమి. మొదటి పది సెకనులు 4.2, అంతలో వేఁడిమి 100 డిగ్రీలకుఁ జేరినది, తరువాత వేగము 3.2 ప్రాంతమునకుఁ బడి అచ్చటనే యుండెను.

ఇందు ప్రాసెసరు దోషమేమియు లేదు. ప్రాణరక్షణకై అది తన్నుఁ దాను నెమ్మదించుకొన్నది. వడగాడ్పులో ఎద్దును ములుకోలతోఁ బొడిచినచో నాలుగడుగులు పరుగెత్తి పిదప ఱొప్పుచు నిలువఁబడుట వంటిదిది. విప్పి చూడఁగా ఫ్యానుకును లోహపు ఱేకులకును దుమ్ము పట్టియున్నది; ప్రాసెసరునకును ఱేకులకును నడుమ పూసిన థర్మల్ పేస్టు ఎండి బీటలు వాఱినది. దుమ్ము దులిపి, పేస్టు క్రొత్తగఁ బూసి, వోల్టేజిని వెనుకటి స్థానమునకుఁ దెచ్చి, గుణకమును 39 చేసితిమి. లెక్క ప్రకారము 55 సెకనులకుఁ గొంచెము పైగా రావలెను. మూఁడు మారులు నడుపఁగా మూఁడు మారులును 56 వచ్చినది. వేఁడిమి 82 డిగ్రీలు దాఁటలేదు. 42 అను ఆశను విడిచినందువలననే లాభము కలిగినది.

వేఁడిమి కాక వేఱు కారణములును గలవు. ప్రాసెసరునకును దానిని మోయు మదరుబోర్డునకును ఇంత విద్యుత్తుకంటె నెక్కువ తినరాదను కట్టుబాటు ఉండును. దానిని తాఁకినచో చల్లగ నున్నను వేగము పడిపోవును. ల్యాప్‌టాపు బ్యాటరీపై నడచునపుడు గోడనుండి వచ్చు విద్యుత్తుతో నడచినంత వేగముండదు. వెనుక వేఱు ప్రోగ్రాములు నడచుచున్నను ఫలితము తగ్గును. వేగము పెంచిన పిదప యంత్రము సరిగ లేవలేకపోయినచో, మదరుబోర్డు మనకుఁ జెప్పకయే అన్ని అమరికలను భద్రమైన పాతస్థితికిఁ దెచ్చుటయుఁ గలదు. అప్పుడు పెంచితిమనుకొన్న వేగము అసలు అమలులోనే యుండదు.

నేఁటి ప్రాసెసరులో ఒకే కొట్టమున నాలుగు, ఎనిమిది, అంతకంటె నెక్కువ గానుగలు అమర్పఁబడియుండును, వీనిని కోర్లందురు. పని ఒక్క కోరునకే యున్నపుడు టర్బో ఆ యొక్కదానిని మిగిలిన వానికంటె ఎక్కువగఁ బరుగెత్తించును. ఒంటరిగ 4.4తో నడవఁగల కోరు కలిగిన యంత్రమున అన్నిటిని 4.2వద్ద బిగించినచో, అందఱు కలసి చేయు పని పెరుగును. ఒక్కఁడు చేయు పని తగ్గును. కావున ఏ పరీక్షలో తగ్గినదని ముందుగ నడుగవలెను. మఱియు గింజలు పోయు చేయి నెమ్మదిగ నున్నచో ఎద్దు తిరిగినను గానుగ వట్టి చుట్లే తిరుగును. ర్యాము అను జ్ఞాపకభాగము ఆ గింజలు పోయు చేయి. రెండు పలకలు అమర్పవలసినచోట నొక్కటే యున్నను, లేక అది తన వేగమునకుఁ దక్కువగ నడచుచున్నను, ప్రాసెసరు వేగము పెంచుట వృథాశ్రమ.

పరీక్షించుటకు వైద్యుని క్రమమే క్రమము. మొదట ఏ మార్పును చేయక మూఁడు మారులు నడపి, మధ్యఫలితమును వ్రాసికొనవలెను. పిదప ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను. రెండు మందు లొక్కటిగ నిచ్చినచో గుణమిచ్చినదేదో తెలియదు. ప్రతి పరీక్షయందును కాలమును, నిజవేగమును, వేఁడిమిని కాగితముమీఁద వ్రాయవలెను. గది వేఁడిమిని కూడ వ్రాయవలెను. మాఘమాసపు ఉదయమున 25 డిగ్రీల గదిలో 80 డిగ్రీలు చూపిన ప్రాసెసరు, రోహిణికార్తెలో 40 డిగ్రీల గదిలో సుమారు 95 చూపును. చలికాలమున నిలిచిన వేగము ఎండకాలమున నిలువకపోవుటకు ఇదియే కారణము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట కడపట చెప్పుచున్నాను. మితిమీఱిన వేగముచే యంత్రము ఆగిపోయినచో అది అదృష్టమే. తెలిసినది కావున దిద్దుకొందుము. ఆగక నడచుచు నడుమ ఒక్క యంకెను తప్పుగ వ్రాయుట ఘోరమైనది. 1996లో జార్జి వోల్ట్‌మన్ ప్రారంభించిన పెద్ద ప్రధానసంఖ్యల అన్వేషణమున వేలమంది తమ కంప్యూటర్లను వినియోగించిరి. యంత్రములు మౌనముగఁ దప్పులు చేయునను భయముచేతనే అందు ఒకరు చేసిన గణనమును వేఱొక యంత్రముపై సరిచూచెడివారు. ఆ పనికై వ్రాయఁబడిన ప్రైమ్95 అను ప్రోగ్రాము, తెలిసిన యుత్తరములతో సరిపోల్చుచు ప్రాసెసరును గంటలకొలఁది శ్రమపెట్టును. అందు ఒక్క తప్పు వచ్చినను ఆ వేగము పనికిరాదు. వచ్చిన ఫలితము ఎంత గొప్పదైనను, ఉత్తరము తప్పైనచో అది వేగము కాదు, తొందరపాటు.

కావున పెద్దలకు నా మనవి యిది. సంఘపు పద్దులు, భూమి కాగితములు, ఎరువుల లెక్కలు ఉన్న యంత్రముపై ఇట్టి ప్రయోగములను ఎవ్వరిని చేయనీయకుఁడు. పిల్లవాఁడు తన యంత్రముపై చేసెదనన్నచో కోపింపక మూఁడు ప్రశ్నలడుగుఁడు. మార్పునకు ముందు కొలిచి వ్రాసికొంటివా? నిండు పనిలో నిజవేగమును, వేఁడిమిని చూచితివా? ఉత్తరములు సరిగ నున్నవని పరీక్షించితివా? మూఁటికిని బదులు చెప్పఁగలిగినచో వాఁడు విద్య నేర్చుచున్నాఁడు; ప్రోత్సహింపుఁడు. అమ్మినవారు ఇచ్చిన వారంటీ ఇట్టి మార్పులతో పోవునేమో ముందుగఁ జదువుమనుఁడు. క్రొత్తయంత్రమునకు సొమ్మడుగుచున్నచో, ఉన్నదాని దుమ్ము దులిపి, పేస్టు మార్చి, ర్యాము చూచి, మఱల కొలిచి రమ్మనుఁడు. తఱచుగ ఆ కొలతయే వేల రూపాయలను మిగుల్చును.